కొసరు పాట

పాట పాడేవాళ్ళకి డబ్బివ్వడం కంటే మహాపాపం ఇంకొకటి లేదు! ఈ మాట నేను గేట్ బజారులో మా కొట్టు గద్దె మీద కూర్చుని, పూర్తి స్పృహలో ఉండి రాస్తున్నాను.

మీరు అప్పుడే నొసలు చిట్లించకండి. కళకి వెల కట్టలేమని సభల్లో శాలువాలు కప్పుతూ అనేది మీరే కదా? నేను ఆ మాటని అక్షరాలా పాటించే మనిషిని. వెల కట్టను. కట్టని వెల ఇవ్వడమేమిటి?

ముందు నా గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. నా పేరు శ్యామసుందర్. మా తాతగారి కాలం నుంచీ ఒడిశా బరంపురంలో బట్టల వ్యాపారం. పట్టుచీరలకి మా కొట్టు పేరు పడ్డది. ఇల్లు లంజిపల్లిలో. సంగీతమంటే నాకు ప్రాణం. పొద్దున్న షట్టరు ఎత్తగానే మొదలైన పాట, మళ్ళీ షట్టరు దించేదాకా కొట్టులో మోగుతూనే ఉంటుంది. ఇన్నేళ్ళలో దానికోసం ఒక్క పైసా ఖర్చు పెట్టిన పాపాన పోలేదు. ఇంత నిష్కల్మషమైన ప్రేమ మీరెక్కడైనా చూశారా?

ఈ మధ్య మన ఊళ్ళల్లో ఇండిపెండెంట్ ఆర్టిస్టులని కొందరు బయల్దేరారు. వీళ్ళకి సినిమా కంపెనీ ఉండదు, క్యాసెట్టు కంపెనీ ఉండదు, వెనక నిలబడే నాథుడు ఉండడు. సొంతంగా పాట కట్టుకుంటారు, సొంత ఫోనులో పట్టుకుంటారు, సొంత ఛానెల్లో పెట్టుకుంటారు. బాగుంది. ఇంత సొంతంగా బతకగలిగిన వాళ్ళు భోజనం దగ్గరికొచ్చేసరికి మన వైపు చూడటం ఏం న్యాయం?

పైగా వీళ్ళకి మనం ఇస్తున్నది తక్కువేమీ కాదు. ఎక్స్‌పోజర్ ఇస్తున్నాం! పదిమందికి తెలుస్తారు, పదిమందీ పిలుస్తారు, ఆ పదిమందీ మళ్ళీ ఎక్స్‌పోజరే ఇస్తారు. ఇలా ఇచ్చుకుంటూ పోతే ఆ మనిషి ఇల్లు ఎక్స్‌పోజర్‌తో నిండిపోతుంది. కిరాణా కొట్లో మాత్రం అది ఇంకా చెల్లడం లేదట. అది కిరాణా వాళ్ళ వెనకబాటుతనం, మన తప్పు కాదు.

లోకమంతా ఈ ధర్మం మీదే నడుస్తోంది. మా వీధిలో పళ్ళ డాక్టరు పన్ను పీకేటప్పుడు పాట పెడతాడు. పన్నుకి బిల్లు వేస్తాడు, మత్తు సూదికి వేస్తాడు, పుక్కిలించమని ఇచ్చిన నీళ్ళకి కూడా వేస్తాడేమోనని నాకు అనుమానం. పాటకి వెయ్యడు. ఎంత ధర్మాత్ముడు! ఆటోవాడు మీటరు లేకుండా నోటికొచ్చింది అడుగుతాడు గానీ, చెవులు చిల్లులు పడేలా వినిపించిన పాటలకి మాత్రం ఏమీ పుచ్చుకోడు. జిమ్ములో ఇనప ముక్కలు ఎత్తడానికి నెలనెలా కట్టాలి, పాట ఉచితం. టిఫిన్ సెంటర్లో రెండోసారి చట్నీ అడిగితే మొహం మాడ్చుకుంటారు, పాటని ఎన్నిసార్లయినా వేస్తారు. ఈ పుణ్యాత్ములందరి మధ్యా పాట కట్టినవాడొక్కడే చెయ్యి చాపడం బాగుంటుందా?

ఈ కాలమ్‌కి నువ్వు పారితోషికం పుచ్చుకుంటున్నావు కదయ్యా అని మీరు అడగొచ్చు. పుచ్చుకుంటున్నాను. సంపాదకులు ఆలస్యం చేస్తే ఫోను కూడా చేస్తాను. నేను రాస్తున్నది గద్యం. దానికి రాగం లేదు.

అసలు సిద్ధాంతం ఏమిటంటే, పాట అనేది కొసరు. వ్యాపారం తెలియని వాళ్ళకోసం వివరిస్తాను. కిలో వంకాయలు కొంటే తూకం అయ్యాక పైన ఇంకొకటి వేస్తారు, అది కొసరు. మా కొట్లో గుడ్డ చింపేటప్పుడు మీటరు దాటి నాలుగు వేళ్ళు వదులుతాం, అదీ కొసరే. కొసరు లేని బేరం ఉప్పు లేని పప్పులా ఉంటుంది. అలాగే పెళ్ళి అనేది బేరం అయితే దాని మీద పాట కొసరు. ఒక్క బోణీ వేళ మాత్రం కొసరు అడగకూడదు, ఇవ్వకూడదు. పొద్దున్న మొదటి బేరం డబ్బు చేతిలో పడేదాకా మా తాతగారు కన్నకొడుక్కి కూడా జేబురుమాలు ఉత్తినే ఇచ్చేవారు కాదు. ఇది గేట్ బజారు శాస్త్రం. నేను దాన్ని తప్పినవాణ్ణి కాను.

ఈ సిద్ధాంతానికి ఎదురు తిరిగిన మనిషి గురించి ఇప్పుడు చెప్పాలి. ఆమె పేరు కుమారి. మా కొట్లో అమ్ముడైన చీరలకి ఫాల్ కుట్టి, పికో చేసి ఇస్తుంది. పాత్రపూర్ వైపు మనిషి. తల్లి కూర్మమ్మ నాట్లు వేస్తూ పాడేదట, ఈమెకి ఆ గొంతు వచ్చింది. మొగుడు ఈశ్వర్ ఢోలక్ వాయిస్తాడు. కుమారి మిషను తొక్కుతూనే పాట కడుతుంది. పాత్రపూర్ బస్సు మీద కట్టింది, కరెంటు పోవడం మీద కట్టింది, ఒడియాలో తిట్టే అత్త మీదా, అర్థం కానట్టు నటించే తెలుగు కోడలి మీదా కట్టింది. అన్నీ మనం ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే. మన మాట సినిమాలో వినబడితే అది నవ్వించడానికి పెట్టిన నౌకరు నోట్లోంచే కదా వినబడేది? ఈమె పాటలో అదే మాట తలెత్తుకుని నడుస్తుంది. ఒప్పుకుంటాను, మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది.

వెంటనే నా వంతు సేవ చేశాను. ఆమె పాటల్ని మా వస్త్రవ్యాపారుల గ్రూపులో పెట్టాను, బంధువుల గ్రూపులో పెట్టాను, మార్నింగ్ వాక్ గ్రూపులో పెట్టాను. పేరు మాత్రం తీసేసి పెట్టాను. పేరుంటే మెసేజ్ పొడుగవుతుంది, జనం చదవరు.

నా సేవ ఊరికే పోలేదు. వాటిలో ఒక అప్పగింతల పాట ఉండేది. పెళ్ళికూతురి చేతులు పాలలో ముంచి అత్తగారి చేతుల్లో పెట్టే వేళ పాడేది. దాన్ని ఎవరో డీజే పట్టుకున్నాడు. మొదటి చరణం ఉంచి, రెండోది డాన్సుకి పనికిరాదని కోసేసి, కింద ధనధనమని దరువు తగిలించాడు. ఇంకేం, ఆ ఏడు ఊరేగింపులన్నిటిలోనూ అదే! కూతుర్ని అత్తారింటికి పంపే పాటకి మగాళ్ళు చొక్కాలు విప్పి తిప్పుతూ ఎగిరారు. ఇంతకంటే ఎక్స్‌పోజర్ ఏ కళాకారుడికి దక్కుతుంది?

కుమారి సంతోషించాలా వద్దా? ఆ పాటని తన ఛానెల్లోంచి తీసేసింది! ఎంత పొగరు! అప్పట్నుంచీ ఆ పాట పూర్తిగా కావాలంటే ఆమె నోట్లోంచే రావాలి.

సరిగ్గా అప్పుడే మా అమ్మాయి అపర్ణ పెళ్ళి కుదిరింది. సంబంధం ఇచ్ఛాపురం వాళ్ళది. అపర్ణ నగలు అడగలేదు, చీరలు అడగలేదు. బట్టల కొట్టు వాడి కూతురు చీర ఎందుకడుగుతుంది?

"నానా, డీజే నేకపోయినా నాకు పరవానేదు. అప్పగింతలప్పుడు కుమారి ఆ పాట పాడాల. రెండో సరణం పెళ్ళికూతురికే కట్టింది. అది ఇన్నాకే నేను కారెక్కుతాను," అంది.

తప్పకుండా అన్నాను. టెంటు వాడికి అడ్వాన్సు ఇచ్చాను. వంటవాళ్ళకి, పూలవాళ్ళకి, డ్రోను ఎగరేసే కుర్రాడికి, జనరేటరు వాడికి కూడా ఇచ్చాను. డీజేకి కూడా ఇచ్చాను, అతను ఇవ్వకపోతే రానన్నాడు. ఇక మిగిలింది కుమారి. ఫాల్ కుట్టిన చీరల మూట పట్టుకుని కొట్టుకొచ్చినప్పుడు తనే కదిపింది.

"సావుకారు బాబూ, అపర్ణమ్మ పెళ్ళికి పాడమన్నారు. మరి నాకూ మా ఆయనకీ ఏటిస్తారండి?"

"ఏటిస్తారంటావేటి కుమారీ? నువ్వు మా ఇంటి మనిషివి. మనలో మనకి బేరమేటి?"

"ఫాల్ కుడితే ఇస్తన్నారు కదండి. అప్పుడు మీ ఇంటి మనిషిని కానేటి?"

"ఫాల్ ఏరు, పాట ఏరు. ఫాల్ నేకపోతే సీర నిలబడదు."

"పాట నేకపోతే పెళ్ళి నిలబడతాదేటి?"

ఇలాంటి మాటకారితనం ఉన్నవాళ్ళతో వాదించకూడదు. నేను గొంతు మెత్తగా చేసుకున్నాను.

"అది కాదమ్మా. ఇంత పెద్ద పెళ్ళి సేస్తన్నాను. దాని మీద పాటంటే కొసరు నాంటిది. కొసరనుకో."

"కొసరా అండి?"

"కొసరే."

కుమారి మూట విప్పి చీరలు లెక్క అప్పజెబుతూ, "అలాగేనండి. కొసరే ఇస్తాను," అంది.

బేరం ఇంత సులువుగా కుదిరిందని ఆ రోజంతా హుషారుగా ఉన్నాను. సాయంత్రం మా వస్త్రవ్యాపారుల అసోసియేషన్ సెక్రటరీ లక్ష్మణరావుకి చెబితే, ఆయన చెయ్యి కలిపి మరీ మెచ్చుకున్నాడు.

పెళ్ళి దివ్యంగా జరిగింది. తెల్లారి అప్పగింతలు. పళ్ళెంలో పాలు పోశారు. అపర్ణ చేతులు పాలలో ముంచి వాళ్ళత్తగారి చేతుల్లో పెట్టింది మా ఆవిడ భారతీదేవి. డీజేని ఆపమన్నారు. కుమారి లేచి నిలబడి, మైకు కూడా వద్దని, పాట ఎత్తుకుంది.

పాలల్ల ముంచిన సేతులమ్మా ఇయ్యి
పనిపాట నేరిసిన సేతులమ్మా
ఒట్టి సేతులు గావు ఒదినమ్మా ఇయ్యి
ఒళ్ళోన ఎట్టుకుని సూసుకోవమ్మా

వియ్యపురాలు ఆ చేతుల్ని నిజంగానే ఒళ్ళో పెట్టుకుంది. ఆడవాళ్ళు చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వంటవాళ్ళు కూడా గరిటెలు పట్టుకుని గుమ్మం దగ్గరికొచ్చారు. నా కండువా తడిసిపోయింది. అపర్ణ తలెత్తి కుమారి వైపు చూసింది, తన చరణం కోసం.

కుమారి అందరికీ దణ్ణం పెట్టి కూర్చుంది.

మంచినీళ్ళు తాగుతుందేమో అనుకున్నాం. తాగలేదు. అపర్ణ మోచేతుల మీంచి పాలు చీర మీదికి కారుతున్నాయి. ఎవరూ కదలడం లేదు. మా ఆవిడే ఉండబట్టలేక, "పాడమ్మా కుమారీ, ఆపేసేవేటి?" అంది.

"అయిపోనాదమ్మా. సావుకారు కొసరన్నారు. కొసరిచ్చేను."

అందరూ నా వైపు తిరిగారు. ఇచ్ఛాపురం వాళ్ళు కూడా. సంగతి కప్పెయ్యడానికి డీజే కుర్రాడు ఏదో నొక్కాడు. దరువు మొదలైంది. ఆ దరువులోనే మా అమ్మాయి కారెక్కింది.

ఉచిత సంగీతం వల్ల ఎంత కాలం ఆదా అయిందో చూశారా? ముహూర్తం దాటకుండా కారు బయల్దేరింది! నాకు కోపం రాలేదు. అబద్ధం, చాలా వచ్చింది. అక్కడికక్కడే కుమారిని నిలదీశాను.

"ఇదేటి పని? నా కూతురు పెళ్ళిలో నా పరువు తీసేవు!"

"నాకూ బాధేనండి. అపర్ణమ్మ నాకేటి అన్యాయం సేసిందని? గాని సావుకారూ, మీరు గుడ్డ మీద కొసరు ఎంత ఒదుల్తారు? నాలుగు వేళ్ళే కదండి. ఏనాడైనా గుడ్డ తాను మొత్తం కొసరిచ్చేరేటి?"

నాలుగు వేళ్ళు అడిగినవాడికి నాలుగు వేళ్ళే ఇవ్వాలని మా కొట్లో కుర్రాళ్ళకి నేర్పింది నేనే.

తర్వాత రోజు అపర్ణ ఫోను చేసింది.

"నానా, ఇక్కడ అందరూ అడుగుతన్నారు, పాట మజ్జిలో ఆగిపోనాదేటని. ఏటి సెప్పను?"

"టైము సరిపోనేదని సెప్పమ్మా."

"అత్తగారి సరణానికి సరిపోయిందిగా. నా సరణానికే టైము నేదన్నమాట," అని పెట్టేసింది.

మా ఆవిడ రెండో చరణం గుర్తు చేసుకోవాలని చూసింది, రాలేదు. గ్రూపులన్నీ వెతికాను. నేనే అన్ని గ్రూపుల్లో పంచిన పాట, ఆ పాత ఫైలు ఇప్పుడు తెరుచుకోవడం లేదు, మిగతావి ఎక్కడ నొక్కినా ధనధనమని దరువే! వాటిలో మొదటి చరణమే ఉంది. లక్ష్మణరావు ఒక గాయకుణ్ణి పంపించాడు. ఆయన ఆ పాట తనకి రాదనీ, కావాలంటే సినిమా పాట పాడతాననీ, ముందు అడ్వాన్సు కావాలనీ అన్నాడు. బరంపురంలో ఉచితంగా దొరకనిది లేదనుకున్న నాకు, ఉచితంగా దొరకని మొదటి వస్తువు నా సొంత కూతురి కోసం కావలసి వచ్చింది.

ఒకనాడు పొద్దున్నే, కొట్టు తెరవకుండానే కుమారి ఇంటికి వెళ్ళాను. అప్పుడే మిషను మీది గుడ్డ తీస్తోంది. ఈశ్వర్ కుర్చీ వేశాడు. కూర్చోలేదు.

"ఆ రెండో సరణం ఒక్కపాలి పాడీ తల్లీ. ఫోన్లో పట్టుకుని అపర్ణకి పంపిస్తాను," అన్నాను.

"పొద్దున్నే వొచ్చేరు సావుకారూ. ఇంకా బోణీ అవ్వనేదండి," అంది.

అంతే. గొంతు పెంచలేదు, పాత మాటలు ఎత్తలేదు. బోణీ కానివాళ్ళని కొసరు అడగడం ఎంత అపచారమో నాకు వేరే చెప్పాలా? మా తాతగారు పైనుంచి చూస్తున్నారు. జేబులో చెయ్యి పెట్టాను. ఎంత ఇచ్చానో ఇక్కడ రాయను, అసోసియేషన్ వాళ్ళు చదువుతారు.

కుమారి ఆ నోట్లు రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకుంది. నేను పుట్టినప్పట్నుంచీ మా ఇంటివాళ్ళం ప్రతి పొద్దున్నా చేసే పని అది. పుచ్చుకునేవాడి వైపు నుంచే తెలుసు నాకు. ఇచ్చేవాడి వైపు నిలబడి చూడటం అదే మొదలు. నిజం చెబుతున్నాను, నాకు సిగ్గేసింది. అప్పుడామె ఈశ్వర్‌ని పక్కన కూర్చోమని, కళ్ళు మూసుకుని పాడింది.

ఎల్లేవు తల్లీ నువ్వెల్లేవు గాని
ఎనక్కి సూడొద్దని ఎవులన్నరమ్మా
ఆకలేసినా రా, అలిగినా రా తల్లీ
మీ అయ్య గుమ్మానికి గడియ నేదమ్మా

మొత్తం ఫోన్లో పట్టుకున్నాను. రికార్డింగులో చూస్తే బొమ్మ అంతా ఊగుతుంది, గొంతు మాత్రం నిలకడగా ఉంటుంది. ఆ మాట నేను నా నోటితో అపర్ణకి చెప్పి పంపవలసిన మాట. బేరం మాటలు తప్ప ఇంకే మాటలూ రాని వాళ్ళం, మాకు అలాంటివి నోటికి రావు. వస్తే పాట దేనికి?

అపర్ణకి పంపాను. కాసేపటికి ఫోను మోగింది. ఎత్తితే చాలాసేపు ఏడుపే వినబడింది.

"నానా, నిజంగా గడియ నేదా?"

"నేదమ్మా," అన్నాను. లంజిపల్లి ఇంటికి రెండు గడియలు, ఒక తాళం, ఈ మధ్యే పెట్టించిన వేలిముద్ర లాకు ఉన్నాయి. అవన్నీ ఆ పిల్లకి ఎందుకు?

ఇదంతా చదివి నేను సిద్ధాంతం మార్చుకున్నానని మీరు అనుకుంటే పొరపాటే. సంగీతం ఉచితంగానే ఇవ్వాలి! నేనిచ్చింది పాటకి కాదు, బోణీకి. వ్యాపారస్థుడిగా తోటి వ్యాపారస్థుల బోణీ చెడగొట్టడం నా వల్ల కాదు. సంగీతంతో దీనికి ఏ సంబంధమూ లేదు.

నిన్న లక్ష్మణరావు గ్రూపులో మెసేజ్ పెట్టాడు. "భాయినా, ఆ అప్పగింతల పాట పూరాగా దొరికిందంట కదా, మా అమ్మాయి పెళ్ళికి పనికొస్తాది, గ్రూపులో ఎట్టెయ్, ఉత్తినే కదా," అని.

నా ఫోనులో ఉంది. ఒక్క వేలు నొక్కితే వెళ్ళిపోతుంది. నొక్కలేదు. కుమారి పేరు, ఇంటి గుర్తులు, ఫోను నంబరు పూర్తిగా రాసి పంపాను. మెసేజ్ పొడుగైతే అవనీ. పొద్దున్నే వెళ్ళమనీ, ఆమెకి బోణీ కాకముందే వెళ్ళమనీ మరీ మరీ రాశాను.